గెజెటుకెక్కని స్వేచ్ఛ

ప్రజల స్వేచ్ఛ హరించబడినదనగానే మన కళ్ళ ముందు మెదలే దృశ్యం ఒకటే. అర్ధరాత్రి తలుపు తట్టే పోలీసులు, ఖాళీగా వెలువడిన సంపాదకీయాలు, జైలు గోడల వెనుక నాయకులు. 1975 జూన్ 25 రాత్రి నుండి ఈ దేశం ఆ దృశ్యాన్ని కళ్ళారా చూచినది. అయితే స్వేచ్ఛ పోయే దారి అదొక్కటే కాదు. ప్రత్యర్థి బాహాటంగా లాక్కొనే స్వేచ్ఛ కొంత. మిత్రులని నమ్మినవారు తమలో తాము కుదుర్చుకొన్న రాజీలలో జారిపోయే స్వేచ్ఛ మరికొంత. మొదటిదానికి నిరసన దినాలున్నవి, ఊరేగింపులున్నవి. రెండవదానికి స్మరించుకొనుటకు ఒక తేదీ కూడా ఉండదు. కనుకనే అది మరింత ప్రమాదకరమైనది.

అటువంటి ఒక నష్టాన్ని రైల్వే, తపాలా సోదర సోదరీమణుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. రాజ్యాంగ 44వ సవరణ చట్టంలో 3వ సెక్షన్ అనేది ఒకటి ఉన్నది. పార్లమెంటు ఉభయ సభలు దానిని ఆమోదించినవి. సగానికి పైగా రాష్ట్రాల శాసనసభలు ఆ సవరణను ధ్రువీకరించినవి. 1979 ఏప్రిల్ 30న రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ఆమోదముద్ర వేసినారు. ఇది జరిగి నలభై ఐదు సంవత్సరాలు దాటినవి. ఆ 3వ సెక్షన్ నేటికీ అమలులోకి రాలేదు. కారణం ఒక్కటే: అమలు తేదీని కేంద్ర ప్రభుత్వం గెజెటులో ప్రకటించవలసి ఉన్నది, ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు. బండి సిద్ధమైనది, ప్రయాణికులు ఎక్కి కూర్చున్నారు, లైన్ క్లియర్ మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో అడిగే స్టేషను మాస్టరు కూడా లేడు.

ఏమిటీ 3వ సెక్షన్?

విచారణ లేకుండా మనిషిని నిర్బంధించే అధికారాన్ని మన రాజ్యాంగమే 22వ అధికరణం ద్వారా ప్రభుత్వం చేతికి ఇచ్చినది. యుద్ధ కాలంలోనే కాదు, శాంతి కాలంలో సైతం. నేరం చేసినందుకు కాదు, చేయవచ్చునన్న అనుమానం మీద. దీని పుట్టుకే ఒక రాజీ. వ్యక్తి స్వేచ్ఛను హరించే చట్టం న్యాయసమ్మతమా కాదా అని కోర్టులు పరీక్షించగల రక్షణను రాజ్యాంగ ముసాయిదా నుండి తొలగించినప్పుడు సభలో తీవ్ర విమర్శ వచ్చినది. ఆ లోటుకు పరిహారంగా డాక్టర్ అంబేద్కర్ 1949 సెప్టెంబరులో నేటి 22వ అధికరణాన్ని ప్రతిపాదించినారు. పరిహారం దక్కినది, పోయినదానికి అది సమానం కాలేదు. 1950లోనే కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టాన్ని సవాలు చేయగా, ఒక్క సెక్షన్ మినహా మిగిలిన చట్టమంతా చెల్లునని సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది.

1971లో మీసా వచ్చినది. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెను అణచుటకు ఆ మీసానే, డి.ఐ.ఆర్.నే ప్రయోగించినారు. సమ్మె ప్రారంభం కాకమునుపే, మే 2వ తేదీననే జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేసినారు. వేలాది కార్మికులు జైళ్ళకు వెళ్ళినారు. కుటుంబాలను రైల్వే క్వార్టర్ల నుండి వీధిలోకి నెట్టినారు. అనగా ఎమర్జెన్సీకి ఏడాది ముందే దాని రుచి మన రైల్వే కాలనీలకు తెలిసినది. ఆ తరువాత దేశమంతటికీ తెలిసినది. షా కమిషన్ లెక్క ప్రకారం ఎమర్జెన్సీలో మీసా క్రింద నిర్బంధితులైనవారు 34,988 మంది. దేశరక్షణ, అంతర్గత భద్రతా నియమాల క్రింద అరెస్టయినవారు 75,818 మంది. నిర్బంధం చట్టవిరుద్ధమైనా కోర్టుకు వెళ్ళే హక్కు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీం కోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ప్రకటించినది. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ ఒక్క మాటకు మూల్యంగా ఆయన ప్రధాన న్యాయమూర్తి పదవిని కోల్పోయినారు.

ఈ అనుభవం నుండి పుట్టినదే 44వ సవరణ. ఇక ఏ ఎమర్జెన్సీలోనైనా ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణాన్ని నిలిపివేయరాదని అది శాసించినది. అంతర్గత కల్లోలం పేరిట ఎమర్జెన్సీ విధించే అవకాశాన్ని తీసివేసినది. మంత్రివర్గం లిఖితపూర్వకంగా తీర్మానించనిదే రాష్ట్రపతి సంతకం చేయరాదన్నది. ఇవన్నీ అమలులోకి వచ్చినవి. మన హక్కుల చరిత్రలో ఇవి గొప్ప విజయాలే.

3వ సెక్షన్ చెప్పినది ఇంకొక మూడు మాటలు. ఒకటి: సలహా సంఘం అభిప్రాయం లేకుండా మనిషిని నిర్బంధించగల గడువు మూడు నెలల నుండి రెండు నెలలకు తగ్గవలెను. రెండు: ఆ సలహా సంఘాన్ని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు మేరకు ఏర్పరచవలెను, అధ్యక్షుడు పదవిలో ఉన్న హైకోర్టు న్యాయమూర్తి, సభ్యులు పదవిలో ఉన్న లేక విశ్రాంత న్యాయమూర్తులు కావలెను. మూడు: సలహా సంఘం ఎదుటికి పంపకుండానే ఎక్కువ కాలం నిర్బంధించే ప్రత్యేక తరగతులను సృష్టించే అధికారం పార్లమెంటుకు ఉండరాదు. నిర్బంధాన్ని రద్దు చేయమని కాదు సుమా. నిర్బంధించినవాడే తీర్పరిని ఎంచుకొనరాదని మాత్రమే. ఇంత కనీసమైన మాటకు కూడా గెజెటులో చోటు దొరకలేదు.

రెండు రకాల రాజీలు

రాజీ అన్నదంతా ద్రోహమని వాదించుట మన ఉద్దేశం కాదు. ట్రేడ్ యూనియన్‌లో పనిచేసినవాడు అలా అనలేడు. పది అడిగి ఆరు తెచ్చుకొనుట, మిగిలిన నాలుగింటికై మరుసటి పోరాటానికి సిద్ధమగుట మన నిత్యకృత్యం. 1966లో ఏర్పడిన జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ కూడా ఒక రాజీయే. కనుక రాజీలలోని తేడా చూడవలెను.

44వ సవరణలోనే రెండు రకాలూ ఉన్నవి. రాజ్యాంగ మౌలిక లక్షణాలను మార్చవలెనంటే ప్రజాభిప్రాయ సేకరణ జరగవలెనన్న క్లాజును జనతా ప్రభుత్వం బిల్లులో పెట్టినది. 1978లో రాజ్యసభలో కాంగ్రెసుకు ఉన్న బలం ముందు అది వీగిపోయినది. ప్రభుత్వం దానిని వదలుకొని మిగిలినదానిని దక్కించుకొన్నది. ఇది బహిరంగమైన రాజీ. ఎవరు అడ్డుపడినారో, ఎవరు వదలుకొన్నారో సభా కార్యకలాపాల పుస్తకంలో ఉన్నది. ఒప్పుకొనవచ్చు, తప్పుపట్టవచ్చు, తిరిగి పోరాడవచ్చు.

3వ సెక్షన్ సంగతి అది కాదు. దానిపై ఏ సభలోనూ ఓటమి లేదు. 1979 జూన్‌లో సవరణలోని అత్యధిక భాగాన్ని అమలులోకి తెచ్చిన ప్రభుత్వమే దీనిని పక్కన పెట్టినది. మీసాను 1978లో రద్దు చేసిన చేయి అదే. అంతకు ముందు సాధారణ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే నిర్బంధ అధికారాన్ని చొప్పించబోయి, ఎదిరింపు రాగా వెనుకకు తీసుకొన్న చేయి కూడా అదే. జనతా ప్రభుత్వం పడిపోయినది. చరణ్ సింగ్ ప్రభుత్వం 1979లో దొంగ వ్యాపారుల పేరిట ఒక నిర్బంధ ఆర్డినెన్సు తెచ్చినది. ఇందిరా గాంధీ తిరిగి అధికారంలోకి రాగా, 1980 సెప్టెంబరులో జాతీయ భద్రతా ఆర్డినెన్సు, డిసెంబరులో దాని చట్టం వచ్చినవి. ఆ చట్టం క్రింద పన్నెండు నెలల వరకు నిర్బంధించవచ్చు. సలహా సంఘాన్ని నియమించుకొనేది ప్రభుత్వమే.

ఆ ఆర్డినెన్సు క్రింద నిర్బంధితులైనవారిలో ధన్‌బాద్ పార్లమెంటు సభ్యుడు, బొగ్గుగని కార్మిక నాయకుడు ఎ.కె. రాయ్ ఒకరు. దొంగ వ్యాపారి కాదు, గూఢచారి కాదు, కార్మిక నాయకుడు. 3వ సెక్షన్‌ను అమలు చేయమని ప్రభుత్వాన్ని ఆదేశించవలసినదిగా ఆయన కేసులో సుప్రీం కోర్టును కోరినారు. 1981 డిసెంబరులో వచ్చిన తీర్పులో మెజారిటీ న్యాయమూర్తులు జాప్యాన్ని ఆక్షేపించినారే కాని, ఆదేశించుట తమ పని కాదన్నారు. పార్లమెంటు చేసిన పని సఫలం కావలెనో అక్కరలేదో నిర్ణయించే అధికారం ఈ విధంగా కార్యనిర్వాహక వర్గం చేతిలో మిగిలినది.

అందరి చేతి కర్ర

తరువాతి చరిత్రను ఏ ఒక్క పార్టీ తప్పుగానో చెప్పుట సులభమే. కాని సత్యం కాదు. 1989లో నేషనల్ ఫ్రంట్ వచ్చినది; దాని అధ్యక్షుడు మన ఎన్.టి. రామారావు. 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని అయినారు. 1996లో యునైటెడ్ ఫ్రంట్ వచ్చినది. దాని కన్వీనరు చంద్రబాబు నాయుడు. ఆ ప్రభుత్వంలో హోం మంత్రి ఇంద్రజిత్ గుప్తా. జీవితమంతా కార్మికోద్యమానికి ధారపోసిన నాయకుడు. 1977లో జైలు నుండి గెలిచి జనతా మంత్రివర్గంలో, తిరిగి 1998 తరువాత వాజపేయి మంత్రివర్గంలో కూర్చున్నది 1974 సమ్మె సారథి జార్జి ఫెర్నాండెజే. 2002లో జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య సంఘం నిర్బంధితుల రక్షణలకు సంబంధించిన ఈ భాగాన్ని అమలులోకి తెమ్మని సిఫారసు చేసినది. 2004లో మరొక ప్రభుత్వం, 2014లో వేరొక ప్రభుత్వం వచ్చినవి. గెజెటు మాత్రం మౌనంగానే ఉన్నది.

ఈ పేర్లు చెప్పుట నిందించుటకు కాదు. ఇందులో కొందరు మనం గుండెలో పెట్టుకొన్న వారు. మన మనుషులు కుర్చీలో కూర్చున్నంత మాత్రాన మన హక్కు గెజెటుకెక్కదన్న పాఠాన్ని మనం మరువరాదనే చెప్పుచున్నాము. కర్ర ఉన్నవానిదే బర్రె అని సామెత. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కర్రను విరవవలెనన్నవారు, అధికారంలోకి వచ్చిన మరునాడు అది తమ చేతిలోనే ఉన్నదని గ్రహించినారు. రేపు అది మరల ఎదుటివాని చేతికి పోవునన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఒక ఒప్పందం లేదు, ఒక సంతకం లేదు. అయినా అందరూ పాటించిన రాజీ ఇది.

మన సర్వీసు పుస్తకంలోని రాజీ

ఇది జైలుకు వెళ్ళే నాయకుల సంగతి, మనకేమిటని తలచే ఉద్యోగి ఉండవచ్చు. కనుక మన సర్వీసు పుస్తకాన్నే తెరచి చూతము.

311వ అధికరణం ప్రకారం ప్రభుత్వోద్యోగిని విచారణ లేకుండా తొలగించరాదు. పూర్వం ఇందులో రెండు మెట్లు ఉండెడివి. నేరారోపణపై విచారణ మొదటి మెట్టు. దోషం రుజువైనదనుకొన్న తరువాత, ఈ శిక్ష ఎందుకు విధించరాదో చెప్పుకొనుమని ఇచ్చే రెండవ షోకాజ్ నోటీసు రెండవ మెట్టు. ఎంతోమంది ఉద్యోగులు ఆ రెండవ మెట్టుపై నిలబడి తమ కుటుంబాలను కాపాడుకొన్నారు. 1976లో 42వ సవరణ ఆ మెట్టును తొలగించినది. 42వ సవరణ చేసిన అనేక గాయాలను మాన్పిన 44వ సవరణ ఈ గాయాన్ని తాకలేదు. ఎవరూ పట్టుబట్టలేదు. ఎవరిదో పెద్ద హక్కు తిరిగి వచ్చిన సంబరంలో మన చిన్న హక్కు ప్లాట్‌ఫారం మీదనే మిగిలిపోయినది. అందులో కొంత భాగం తరువాత కోర్టుల ద్వారా తిరిగి వచ్చినది. విచారణ నివేదిక ప్రతిని శిక్షకు ముందే ఉద్యోగికి ఇవ్వవలెనని 1993లో హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు సంబంధించిన కేసులో సుప్రీం కోర్టు స్థిరపరచినది. రాజ్యాంగంలోని ఆ వాక్యం మాత్రం తిరిగి రాలేదు.

మొదటి మెట్టుకు కూడా తలుపున్నది. విచారణ జరుపుట ఆచరణ సాధ్యం కాదని అధికారి వ్రాసినచో విచారణే అక్కరలేదు. రైల్వేలో అది 1968 క్రమశిక్షణ నియమాలలోని 14(2). తపాలా శాఖతో సహా ఇతర కేంద్ర ఉద్యోగులకు 1965 నియమాలలోని 19(2). 1981 లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మెలో ఈ 14(2)ను ధారాళంగా ప్రయోగించినారు. 1985 జూలై 11న తులసీరాం పటేల్ కేసులో సుప్రీం కోర్టు ఆ అధికారాన్ని సమర్థించినది. ముందుగా వినిపించుకొనవలసిన పని లేదన్నది. లోకో సిబ్బందికి న్యాయం 1993లో, రెడ్డప్ప మొదలైనవారి కేసులో గాని దొరకలేదు. పన్నెండేళ్ళు! పసిబిడ్డ ఏడవ తరగతికి వచ్చే కాలం. ఉద్యోగ విరమణ వయస్సు దాటినవారికి దక్కినది ఉద్యోగం కాదు, పరిహారం మాత్రమే.

ఉత్తరం మీద ముద్ర

తపాలా సోదరుల అనుభవం వేరొక విధమైనది. 1986లో పార్లమెంటు తపాలా సవరణ బిల్లును ఆమోదించినది. ప్రజల ఉత్తరాలను ఆపి, తెరచి చూచే అధికారాన్ని అది విస్తరించినది. రాష్ట్రపతి జైల్ సింగ్ దానిపై సంతకం చేయలేదు. దేశమంతటా నిరసన వచ్చినది. చివరకు 2002లో ఆ బిల్లును ఉపసంహరించినారు. మనం గెలిచినామనుకొన్నాము.

2023 డిసెంబరులో 1898 నాటి చట్టం స్థానే కొత్త తపాలా చట్టం వచ్చినది; 2024 జూన్ 18 నుండి అమలులో ఉన్నది. దాని 9వ సెక్షన్ ప్రకారం దేశభద్రత, శాంతిభద్రతలు, అత్యవసర పరిస్థితి మొదలైన కారణాలపై కేంద్రం అధికారమిచ్చిన ఏ అధికారియైనా ఉత్తరాన్ని ఆపవచ్చు, తెరవవచ్చు. ఆ నిర్ణయాన్ని తిరిగి పరిశీలించే సంఘమేదీ చట్టంలో లేదు. 1986లో అంత అలజడి రేపిన విషయం ఈమారు పెద్దగా చర్చకు నోచుకోలేదు. రాష్ట్రపతి ఒకరు ఆపిన బిల్లు మూడున్నర దశాబ్దాలు దాటిన తరువాత వేరొక వేషంలో వచ్చి చట్టమైనది. సార్టింగ్ బల్ల వద్ద కూర్చున్న ఉద్యోగి చేతుల మీదుగానే ఆ ఉత్తరం పోవలెను. ప్రజలు మనపై ఉంచిన నమ్మకమే మన శాఖకు మూలధనం. దానిని తాకట్టు పెట్టే హక్కు ఎవరికి ఉన్నది?

మన ఇంటి లెక్క

పార్టీల రాజీలను విమర్శించే ముందు మన ఇంటి లెక్క కూడా చూచుకొనవలెను. మన డిమాండ్ల పత్రాలను తీసి చూడండి. వేతనం మొదటి అంశం, భత్యం రెండవ అంశం. సస్పెన్షన్ల రద్దు, కేసుల ఎత్తివేత, తొలగించబడినవారి పునర్నియామకం అనేవి అట్టడుగున ఉంటవి. చర్చలలో అర్ధరాత్రి దాటి అందరూ అలసిన వేళకు ఆ అంశం వచ్చును. "సానుభూతితో పరిశీలించబడును" అన్న ఒక వాక్యంతో ముగియును. మరునాడు బయట మిఠాయి పంచుతాము. ఆ వాక్యం క్రింద నలిగిన నలుగురైదుగురు మాత్రం మిఠాయికి రారు.

మన జీతంలో మనం రాజీపడవచ్చు. అది మన సొత్తు. వచ్చే వేతన సంఘం ముందు తిరిగి అడగవచ్చు. మరొకని స్వేచ్ఛలో మనం రాజీపడరాదు. అది మన సొత్తు కాదు. అంతకంటె ముఖ్యంగా, స్వేచ్ఛ పోయిన తరువాత తిరిగి అడిగే నోరే ఉండదు. రాజీకి గీయవలసిన గీత ఇదే.

దేశానికి ప్రమాదమున్నప్పుడు ఈ నియమాలు అడ్డురావా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నయే. దీనికి సమాధానం 3వ సెక్షన్‌లోనే ఉన్నది. అది ఎవరినీ విడుదల చేయమనలేదు. రెండు నెలలలోగా, ప్రభుత్వం ఎంచుకొనని న్యాయమూర్తులు కాగితాలు చూడవలెనన్నది. నిజమైన ప్రమాదకారి ఆ పరీక్షలో తప్పించుకొనలేడు. తప్పించుకొనేది కార్మిక నాయకుడు, కవి, విద్యార్థి. అనగా తప్పుగా పట్టుబడినవాడు. ఆ పరీక్షకు భయపడే ప్రభుత్వం దేనికి భయపడుచున్నదో వేరే చెప్పనక్కరలేదు.

చేయవలసినది

మన శాఖలు, డివిజన్లు ఈ నాలుగు కోర్కెలపై తీర్మానాలు చేయవలెను. 44వ సవరణ 3వ సెక్షన్ అమలు తేదీని వెంటనే గెజెటులో ప్రకటించవలెను. 311వ అధికరణంలో తొలగించిన రెండవ అవకాశాన్ని పునరుద్ధరించవలెను. 14(2), 19(2) క్రింద జరిగే ప్రతి తొలగింపును స్వతంత్ర న్యాయాధికారి నిర్ణీత గడువులోగా పరిశీలించవలెను. తపాలా చట్టం 9వ సెక్షన్ క్రింద జరిగే ప్రతి చర్యకు సమీక్షా సంఘం ఉండవలెను.

ఓటు కొరకు వచ్చే ప్రతి అభ్యర్థిని, అతడు ఏ పార్టీవాడైనా, మొదటి ప్రశ్నగా 3వ సెక్షన్ గురించి అడగవలెను. సమాధానం వ్రాతమూలకంగా తీసుకొనవలెను. మన సొంత డిమాండ్ల పత్రంలో తొలగించబడిన సహోద్యోగుల అంశాన్ని చివరి వరుస నుండి మొదటి వరుసకు తేవలెను. మొదటి పని ఇతరులు చేయవలసినది. ఈ చివరి పని మాత్రం రేపటి కార్యవర్గ సమావేశంలోనే మనం చేయగలిగినది.

దశాబ్దాల తరబడి ఈ దేశపు గెజెట్లు మన తపాలా సంచులలోనే, మన రైలు పెట్టెలలోనే ఊరూరా చేరినవి. బదిలీలు, నియామకాలు, నిషేధాలు, నిర్బంధ చట్టాలు అన్నిటినీ మనమే మోసినాము. ఒక్క ప్రకటన మాత్రం ఏ సంచిలోనూ రాలేదు. అది తానుగా రాదు. రప్పించుకొనవలెను.